డియెగో బొటనవేలు

1960ల చివర. స్పెయిన్ దక్షిణాన, సెవిల్లె దగ్గరి మొరోన్ దె లా ఫ్రొంతెరా. సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు. రాత్రి పన్నెండు దాటింది, అయినా వెల్ల వేసిన గోడలు ఇంకా వేడి కక్కుతూనే ఉన్నాయి. మీరున్న గదిలో వేదిక లేదు, మైకు లేదు. ఒక బల్ల, కొన్ని కుర్చీలు, వైన్ గ్లాసులు, పొగ.

ఎదురుగా అరవై ఏళ్ల జిప్సీ ఫ్లమెంకో గిటార్ విద్వాంసుడు డియెగో దెల్ గాస్తోర్. వాయించమని మాత్రం అడక్కండి. మనసు లేకపోతే డబ్బున్నవాళ్లు బతిమాలినా వాయించడని ఊరందరికీ తెలుసు.

గిటార్ కుడి తొడ మీదికి తీసుకున్నాడు. పక్కలూ వీపూ సైప్రస్ చెక్క, తేలిక. మెడకు సెహీయా, అంటే తీగలను నొక్కిపట్టే పట్టీ, బిగించి గాయని ఫెర్నాందా దె ఉత్రెరా శ్రుతికి సరిచేశాడు. బల్ల మీద ఒకాయన వేలికణుపులతో తాళం మొదలుపెట్టాడు. ఇది సొలెఆ అనే ఫ్లమెంకో పాట తీరు. పన్నెండు మాత్రల ఆవృతం. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద బరువు పడుతుంది. ముందు మూడేసి రెండుసార్లు, తర్వాత రెండేసి మూడుసార్లు. మీ వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, పట్టు దొరుకుతుంది.

పక్కనున్న అమెరికా కుర్రాడు ఈ వాయింపు నేర్చుకోవాలని సముద్రం దాటి వచ్చాడు. డియెగో ఎడమచేతి వేళ్లనే చూస్తున్నాడు. మీరు కుడి బొటనవేలు చూడండి. అది తీగను గిల్లడం లేదు. పైనుంచి దిగి, మీటి, కింది తీగకు ఆనుకుని ఆగుతోంది. అందుకే ఒక్కో స్వరం అంత బరువుగా, గుండ్రంగా వస్తోంది. ఇప్పుడు అల్సపూవా: అదే బొటనవేలు కిందికి, పైకి, మళ్లీ కిందికి. నడుమ ఉంగరపు వేలు పైచెక్క మీద టక్కున కొట్టింది. ఈ ఫాల్సెతా, అంటే గిటార్ ఒక్కటే పలికే ముక్క, నిండా పది పన్నెండు స్వరాలకు మించి ఉన్నట్టు లేవు. ఏదీ తీసెయ్యలేం.

ఇదే రోజుల్లో ఇరవై దాటిన గిటార్ వాద్యకారుడు పాకో దె లూసియా వేళ్లు మెరుపుల్లా పరిగెడుతున్నాయి. ఆ వేగం గొప్పదే. కానీ ఈ గదిలో దానికి పనిలేదు.

ఫెర్నాందా గొంతు ఎత్తింది. బొంగురు గొంతు, అంచులు చిరిగినట్టుంటుంది. ఒక అక్షరం దగ్గర ఊపిరి చిక్కుకుంది. ఇంకొకరైతే ఆ ఖాళీని స్వరాలతో నింపేసేవారు. డియెగో చెయ్యి కదల్లేదు. ఆమె నోటి మీదే కళ్లు. తాళం మాత్రం బల్ల మీద నడుస్తోంది. ఆమె ఊపిరి తెచ్చుకుని పాట పాదాన్ని ముగించింది. సరిగ్గా పదో మాత్ర మీద ఆయన తీగలన్నీ ఒక్కసారి మోగాయి. గదంతా "ఓలే!" ఎవరో ఏడుస్తున్నారు.

నన్నడిగితే, ఆయన విద్యలో అన్నిటికన్నా కష్టమైనది ఆ ఆగడమే. సాధన చేస్తే వేళ్లకు వేగం వస్తుంది. పాడేవారి ఊపిరి వినడం వేళ్ల పని కాదు.

కచేరీల వెంట, రికార్డు కంపెనీల వెంట డియెగో పరుగెత్తలేదు. 1973లో మొరోన్‌లోనే కన్నుమూశాడు. అంతకు కొద్దికాలం ముందే స్పానిష్ టెలివిజన్ 'రీతో ఇ హెయోగ్రఫీయా దెల్ కాంతే' ధారావాహిక కోసం ఆయన్ని చిత్రీకరించింది. దొరికితే తప్పక చూడండి, మొదటిసారి ఆ బొటనవేలు కోసమే చూడండి.