బయాలజీ చదివితే డాక్టరొక్కటేనా? పిండాభివృద్ధి శాస్త్రంలో చదువులు, అవకాశాలు



ప్లస్ వన్‌లో బయాలజీ ఎందుకు తీసుకుంటున్నావని అడిగితే పిల్లలు "డాక్టరు కావాలి సార్" అంటారు. మంచిదే. కానీ నీట్‌లో సీటు రాకపోతే చదివిన బయాలజీ అంతా వృథా అనుకుని కుంగిపోతున్నారు. అది సరి కాదు. వేరే దారులూ ఉన్నాయి. అందులో ఒకటి ఇక్కడ చెబుతున్నాను.

ఏమిటీ శాస్త్రం?

కోడి పొదిగిన గుడ్డు 21 రోజులకు పిల్ల అవుతుంది. మూడో రోజుకే లోపల గుండె కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్క కణం నుంచి కన్ను, రెక్క, గుండె వేరువేరుగా ఎలా తయారవుతాయో తెలుసుకునేదే ఈ శాస్త్రం. పండ్ల ఈగల మీద ఇలాంటి పరిశోధన చేసిన ముగ్గురికి 1995లో నోబెల్ బహుమతి వచ్చింది. టెస్ట్‌ట్యూబ్ శిశువు విధానానికి రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో వచ్చింది. మన దేశంలో 1978లోనే కలకత్తా డాక్టరు సుభాష్ ముఖర్జీ ఆ పని చేశారు. బతికుండగా ఆయనకు గుర్తింపు దక్కలేదు.

హైదరాబాదులో సీసీఎంబీ ఉంది. అంతరించిపోతున్న జంతువుల కోసం దానికొక ప్రత్యేక ప్రయోగశాల ఉంది. అక్కడ కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింక పిల్ల, 2007లో కృష్ణజింక పిల్ల పుట్టాయి.

ఎలా వెళ్ళాలి?

1. ప్లస్ టూ తర్వాత ఐసర్‌లో అయిదేళ్ళ బీఎస్-ఎంఎస్. మనకు దగ్గరది తిరుపతి ఐసర్. కాట్పాడి నుంచి తిరుపతికి రైలుంది. ప్రవేశ పరీక్షలో లెక్కలు కూడా ఉంటాయి. కాబట్టి వీలైతే బయాలజీతో పాటు లెక్కలున్న గ్రూపు తీసుకోండి.

2. బీఎస్సీ జువాలజీ, బోటనీ లేదా బయోటెక్నాలజీ, ఆపైన ఎంఎస్సీ. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూ నెలకు రూ. 37,000 భృతి వస్తుంది. 2023లో పెంచిన మొత్తం ఇది. అంటే ఆ దశలో ఇంటికి భారం కారు.

3. ఆసుపత్రి ల్యాబులో పని కావాలంటే క్లినికల్ ఎంబ్రియాలజీలో ఎంఎస్సీ. మణిపాల్‌లో ఈ కోర్సు ఉంది.

డిగ్రీ చదివేటప్పుడు మన దేశపు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. శాస్త్రవేత్త పక్కన ఉండి రెండు నెలలు పని నేర్చుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు

కొన్ని వారాల్లో ఎంబ్రియాలజిస్టును చేస్తామని ఎవరైనా ఫీజు అడిగితే ముందు విచారించండి. 2021 చట్టం వచ్చాక సంతాన చికిత్సా కేంద్రాల్లో ఈ పనికి నిర్ణీత అర్హత ఉండాలి.

రెండోది ఇంగ్లీషు. నీట్ తెలుగులో రాయవచ్చు, ఐసర్ పరీక్ష తెలుగులో ఉండదు. అందుకని భయపడకండి. విషయం తెలుగులో బాగా అర్థం చేసుకోండి, తొమ్మిదో తరగతి నుంచే సైన్సు పదాలు ఇంగ్లీషులో కూడా రాసి పెట్టుకోండి. అర్థమైన విషయానికి ఇంకో పేరు నేర్చుకోవడం కష్టం కాదు.

గ్రూపు నిర్ణయించే ముందు అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని బడికి రండి. కూర్చుని మాట్లాడుకుందాం.

– ప్రధానోపాధ్యాయుడు