నాలుగు చిల్లుల కృత్తికలు

మార్గశిరమాసపు చీకటి రాత్రి. మా అక్క పిల్లలిద్దరినీ డాబా మీదికి తీసుకువెళ్ళాను. చేతుల్లో నల్ల అట్టముక్కలు, గుండుసూదులు, ఒక టార్చిలైటు. చూసిన చుక్కకొక చిల్లు పొడిచి, వెనుకనుంచి దీపం పట్టి, గోడ మీద ఆకాశాన్ని నిలపడం మా ఆట.

పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల వంతు వచ్చింది. చిన్నది నాలుగే చిల్లులు పొడిచింది. "ఆరుండాలమ్మా! కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆరుగురు కదా!" అంటూ సూది అందుకుని మిగిలిన రెండూ నేనే పొడిచాను. "నాకు నాలుగే కనబడ్డాయి మామయ్యా" అని అది చిన్నబుచ్చుకుంది.

పిల్లలు నిద్రపోయాక గెలీలియో గుర్తుకు వచ్చాడు. 1610లో వెనిస్‌లో అచ్చయిన 'సిడెరియస్ నున్సియస్'లో ఆయన ఈ గుంపునే చిత్రించాడు. గ్రీకు పురాణం ఏడుగురు అక్కచెల్లెళ్ళంటున్నా, ఏడవది దాదాపు ఎన్నడూ కనబడదంటూ ఆరింటినే లెక్కించాడు. దూరదర్శినిలో మాత్రం మరో 40కి పైగా కనిపించాయన్నాడు. పాతవాటిని పెద్దవిగా, కొత్తవాటిని చిన్నవిగా గీసి, కంటి సాక్ష్యాన్నీ అద్దం సాక్ష్యాన్నీ విడివిడిగా నిలిపాడు.

ఆ పుస్తకానికి ముందే, సుమారు 440 ఏళ్ళ క్రితం బయలుదేరిన వెలుగు మొన్న మా డాబాను చేరింది. వీధిదీపాలు అందులో నాలుగు చుక్కలనే మిగిల్చాయి. నేను పురాణాన్ని చూశాను. పిల్ల ఆకాశాన్ని చూసింది.

మర్నాడు దానికి కొత్త అట్ట ఇచ్చాను. మళ్ళీ నాలుగే పొడిచింది. వెనుక తేదీ, ఊరి పేరు రాయించి దాచాను. అదీ ఒక చరిత్రపత్రమే.

మీ డాబా మీద ఎన్ని కనబడుతున్నాయి?