అమెరికా పార్కులు జనానికి నేర్పిన పాఠం

1872లో ఎల్లోస్టోన్‌ను జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు అమెరికాలో చట్టమైతే వచ్చింది గానీ, అక్కడ ఎలా మెలగాలో జనానికి చెప్పేవాళ్లు లేరు. యథేచ్ఛగా వేట సాగింది. వేడినీటి బుగ్గల చుట్టూ పేరుకున్న రాతిని పగలగొట్టి పట్టుకుపోవడం మామూలైంది. 1886లో సైన్యాన్ని దింపారు. 1916లో నేషనల్ పార్క్ సర్వీస్ ఏర్పడింది. 1918లో సైన్యం వెళ్లిపోయి కాపలా రేంజర్ల చేతికి వచ్చింది. సాయంత్రాలు నెగడు దగ్గర చేరిన సందర్శకులకు చెట్టూ చేమా, జంతువుల సంగతులు చెప్పడం కూడా ఈ రేంజర్ల ఉద్యోగంలో భాగమే.

అయితే తప్పుడు పాఠం చెప్పిందీ పార్కులే. ఎల్లోస్టోన్‌లో హోటళ్ల చెత్త తినడానికి వచ్చే ఎలుగుబంట్లను చూసేందుకు జనానికి బల్లలు వేయించారు. 1940లలో ఆ ప్రదర్శనలు ఆగినా, చెత్త దిబ్బలను పూర్తిగా మూసేసరికి 1970 వచ్చింది.

దేశమంతటికీ చేరిన ఒక పెద్ద ప్రచారం కార్చిచ్చుల మీద జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో అడవుల్లో మంటలు ఆర్పే మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. దాంతో మంట పుట్టకుండా చూడడమే మార్గమైంది. 1944లో స్మోకీ అనే ఎలుగుబంటి బొమ్మతో పోస్టర్ వేశారు. అందులో స్మోకీ బకెట్‌తో నెగడు మీద నీళ్లు పోస్తుంటుంది. చదువురాని పిల్లవాడికైనా చేయవలసిన పని అర్థమవుతుంది.

1960, 70లలో వీపున సంచి తగిలించుకుని అడవుల్లో నడిచేవాళ్లు బాగా పెరిగారు. వాళ్ల కోసం అటవీశాఖ మొదలుపెట్టిన బోధన నుంచే 1994లో ‘లీవ్ నో ట్రేస్’ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. జాడ మిగల్చకుండా తిరిగి రమ్మనడమే దాని సారం. దాని 7 సూత్రాలు ఆజ్ఞల్లా కాక కారణంతో సహా ఉంటాయి. ఉదాహరణకు, మలవిసర్జనకు నీటి నుంచి 200 అడుగుల దూరం వెళ్లి, 6 నుంచి 8 అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి. అలా చేస్తే రోగక్రిములు వాగులోకి చేరవు, జంతువులు తవ్వవు.

బోర్డు మీద రాసే మాట కూడా ముఖ్యమే. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లు రాళ్లై పడి ఉంటాయి. సందర్శకులు వాటి ముక్కలను జేబులో వేసుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని బృందం గుర్తులు పెట్టిన ముక్కలను బాటల పక్కన ఉంచి, రకరకాల బోర్డులతో పరీక్షించింది. ఇప్పటికే చాలామంది ముక్కలు పట్టుకుపోయారని వాపోయిన బోర్డు ఉన్నప్పుడు దాదాపు 8 శాతం మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లవద్దని మాత్రమే కోరినప్పుడు 2 శాతం కూడా పోలేదు. అందరూ చేసేదే కదా అన్న ధైర్యాన్ని మొదటి బోర్డే ఇచ్చిందన్నమాట.

పిల్లలకు ‘జూనియర్ రేంజర్’ పథకం ఉంది. చిన్న పుస్తకంలోని ప్రశ్నలకు పార్కులో తిరిగి జవాబులు రాసి, రేంజర్ ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేస్తే బ్యాడ్జి ఇస్తారు.

బోధన వచ్చిందని జరిమానాలు పోలేదు. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లు, తోడేళ్లకు 91 మీటర్లు, అడవిదున్నలకు 23 మీటర్ల దూరం పాటించడం నేటికీ తప్పనిసరి. తెలియక చేసేవాళ్లకు బోధన, తెలిసి చేసేవాళ్లకు చట్టం అన్నది అక్కడ స్థిరపడిన పద్ధతి.