'శిక్షా' అంటే శిక్ష వినిపించినప్పుడు: భిలాయి తెలుగు నిందితుడి విచారణార్హత

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి సెక్టర్ 7 నుంచి దుర్గ్ జిల్లా కోర్టుకు పట్టుమని అరగంట పట్టదు. కానీ ఆ కాసేపట్లో భాష పూర్తిగా మారిపోతుంది. క్వార్టర్ గుమ్మంలో తల్లి తెలుగులో సాగనంపిన మనిషిని అక్కడ 'ముల్జిమ్' (నిందితుడు) అని పిలుస్తారు. వాయిదా 'పేషీ' అవుతుంది, బెయిలు 'జమానత్' అవుతుంది. మతి స్థిరంగా ఉన్నవాడు నాలుగు పేషీలు తిరిగేసరికి ఈ మాటలన్నీ పట్టేస్తాడు. అతని మతి మీదే అనుమానం వచ్చినప్పుడు, ఆ అనుమానాన్ని ఏ భాషలో పరీక్షిస్తున్నారన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. ఏ ఒక్కరి కేసు కాగితాలనూ ఇక్కడ వాడలేదు. చట్టం, కొన్ని తీర్పులు, ఇక్కడి తెలుగు ఇళ్లలో రోజూ వినబడే మాట, ఇవే ఆధారాలు. సంభాషణల రూపంలో ఇచ్చిన ఉదాహరణలు నేను కల్పించినవి.

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడి, మనవలను కూడా ఎత్తుకున్నారు. అంతమాత్రాన వీళ్లందరిదీ ఒకే తెలుగు అనుకోకూడదు. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం చేసి రిటైరైన ఇంటి భాష ఒకటి, నిన్నగాక మొన్న ఠేకా (కాంట్రాక్టు) కూలీగా వచ్చినవాడి భాష ఒకటి. వైద్య పరీక్ష దగ్గర ఈ తేడా గట్టిగా బయటపడుతుంది. ఉద్యోగి కొడుకైతే ప్లాంటువాళ్ల సెక్టర్ 9 ఆసుపత్రిలో పాత చీటీలు, మందుల వివరాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఠేకా కూలీకి జబ్బు చరిత్ర అంటే అతను నోటితో చెప్పుకున్నదే.

చట్టం ఏం అడుగుతోందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367 నుంచి 378 వరకు ఉన్న సెక్షన్లు దీనికి సంబంధించినవి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇవే 328 నుంచి 339 వరకు ఉండేవి. నేరం జరిగిన క్షణంలో మనిషి మతి ఎలా ఉందన్నది వేరే సంగతి. అది భారతీయ శిక్షా స్మృతిలో 84వ సెక్షన్‌గా ఉండి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22 అయింది. ఈ రెండూ ఒకటేననుకోవడం పత్రికల్లోనే కాదు, ఒక్కోసారి వకీళ్ల వాదనల్లో కూడా కనిపిస్తుంది. 367, 368 సెక్షన్లు ఈ రోజు సంగతి అడుగుతాయి: ఇతనికి మతిస్థిమితం లేదా, ఆ కారణంగా తన కేసు తాను చెప్పుకోలేని స్థితిలో ఉన్నాడా?

ఇందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు డాక్టరు దగ్గర ఉంటుంది. రెండోదాన్ని డాక్టరు సాయంతో కోర్టే తేల్చాలి. 368లో ఈ వరుస స్పష్టంగానే ఉంది. మతిస్థిమితం లేదని సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో చెప్పాక, దానివల్ల తన వాదన వినిపించలేకపోతున్నాడా లేదా అన్నది కోర్టు విడిగా నిర్ణయించాలి. వినిపించలేడని తేలితే ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని పరిశీలించి, ప్రాథమికంగా కేసే నిలబడకపోతే వాయిదా వేయడం కాదు, వదిలేయాలి. జబ్బు పేరు ఒక్కటే రాసిన సర్టిఫికెట్‌తో ఈ పని పూర్తికాదు. స్కిజోఫ్రీనియా ఉండి కూడా మందుల మీద నిలకడగా ఉండి, వకీలుకు అన్నీ విడమరచి చెప్పగలిగేవాళ్లున్నారు. జబ్బు పేరేదీ లేకుండా, కోర్టులో ఏం జరుగుతోందో బొత్తిగా తెలియక కూర్చునేవాళ్లూ ఉన్నారు.

ఈ రెండో రకం మనిషి నుంచే అసలు ఈ సిద్ధాంతం పుట్టింది. ఇంగ్లండ్‌లో 1836 నాటి ప్రిచర్డ్ కేసులో నిందితుడు పిచ్చివాడని ముద్రపడ్డవాడు కాడు, చెవిటి మూగ. ఆరోపణకు బదులు చెప్పగలడా, విచారణ ఎలా నడుస్తోందో గ్రహించి తన తరఫు చెప్పుకోగలడా అని జడ్జి ఆల్డర్సన్ జ్యూరీని ఆలోచించమన్నాడు. అంటే ఈ కొలబద్ద మొదట కొలిచింది మాట అటూ ఇటూ చేరుతోందా లేదా అన్నదాన్ని. 1960లో అమెరికా సుప్రీంకోర్టు డస్కీ కేసులో వకీలుతో తగినంత తెలివిడితో సంప్రదించగల శక్తి ఉందా అని అడిగినా, విషయం మాట్లాడటం చుట్టూనే తిరిగింది. మన చట్టం మతిస్థిమితాన్నీ, మాట అర్థం కావడాన్నీ విడదీసింది. మతి సరిగానే ఉన్నా వ్యవహారం అర్థం చేయించలేని నిందితుడికి 357 సెక్షన్ వేరే ఉంది. అతని విచారణ ఆగదు. శిక్ష పడితే మాత్రం కింది కోర్టు ఆ రికార్డును, పరిస్థితుల నివేదికతో సహా, హైకోర్టుకు పంపాలి. ఏ నిందితుడు 357 కిందికి వస్తాడు, ఏ నిందితుడు 368 కిందికి వస్తాడు అన్నది వైద్య పరీక్ష గదిలో కూర్చుని మాట్లాడించిన మనిషి మీద ఆధారపడుతుంది.

ఇక ఆ గదిలోకి వెళదాం. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడాదైనా కాని కూలీ ఎదురుగా కూర్చున్నాడనుకోండి. కాగితంలో గడి ప్రకారం 'శిక్షా?' అని అడిగారు. హిందీలో శిక్షా అంటే చదువు. ఇతనికి వినిపించింది శిక్ష. "ఇంకా పడలేదండి" అంటాడు, అదీ వచ్చీరాని హిందీలో. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని రాసుకోవడానికి ఈ ఒక్క జవాబు చాలు. నిజానికి చాలామంది డాక్టర్లు 'పఢాయీ' అనే అంటారు, కాగితంలో ఉన్నది చదివినప్పుడే ఈ చిక్కు. 'మన్ మే కైసే విచార్ ఆతే హై' అన్న ప్రశ్న ఇంతకంటే ప్రమాదం. మనసులో ఎలాంటి ఆలోచనలు వస్తున్నాయని దాని అర్థం. తెలుగు చెవికి అందులో పడేది విచారం. జైల్లో ఉన్నవాడికి విచారం లేకుండా ఎలా ఉంటుంది? "చాలా ఉందండి" అంటాడు. ఆలోచనలో తేడా వచ్చిందా అని వెతకబోయిన చోట మామూలు దిగులు నమోదవుతుంది, లేదా దిగులే జబ్బు లక్షణంగా ఎక్కుతుంది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే మాట అనుమానం. ఎవరో తనను చంపడానికి చూస్తున్నారనే గట్టి నమ్మకం ఈ పరీక్షలో ముఖ్యమైన లక్షణం. అలాంటి నమ్మకం ఉన్నవాడు తన వకీలును కూడా నమ్మడు, కాబట్టి తన వాదన తాను చెప్పుకోలేడు. అంటే చట్టం అడిగే రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇంట్లో తల్లి ఈ సంగతిని "ఆడికి అందరి మీదా అనుమానమే బాబూ" అని చెబుతుంది. పక్కనున్న తమ్ముడు తొందరలో దాన్ని 'సబ్ పర్ అనుమాన్ హై' అని అప్పజెబుతాడు. హిందీలో అనుమాన్ అంటే అంచనా, ఉజ్జాయింపు. 'షక్' అనాల్సింది అతనికి తెలియక కాదు. ఒకటే మాట రెండు భాషల్లోనూ ఉందని నోరు మోసం చేస్తుంది. అసలు లక్షణమే కాగితం ఎక్కకుండా పోతుంది.

ప్రతిచోటా భాషే అడ్డం అవుతుందని నేననడం లేదు. "అమ్మోరు ఒంటిమీదికి వచ్చేది" అంటే ఛత్తీస్‌గఢ్ డాక్టరుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడా దేవత ఒంటిమీదికి రావడం ఊరూరా చూసినదే. దాన్ని జబ్బు కింద జమకట్టకూడదని అతనికి తెలుసు. చిక్కంతా రెండు భాషల్లో ఒకేలా వినిపిస్తూ అర్థం మారే మాటల దగ్గరే.

పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏమడిగినా తలవంచుకుని 'జీ సాబ్' అనే మనిషి విచారణకు పనికొచ్చేవాడిలాగే కనిపిస్తాడు. గొడవ లేదు, మాట వింటాడు, టైముకు తింటాడు. ఆ మౌనం భాష రాకపోవడమా, భయమా, లేక లోపల అంతా మొద్దుబారిపోయిందా? అతని భాషలో పావుగంట మాట్లాడిస్తే తేలే సంగతి ఇది. నాటకమాడుతున్నాడేమోనని పోలీసులు పడే అనుమానానికి కూడా ఇదే మందు.

దుబాసీ హక్కు చట్టంలో లేదా అంటే, ఉంది. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం ఇస్తే బహిరంగ కోర్టులో అతనికి తెలిసిన భాషలో చెప్పాలని 314 సెక్షన్ అంటుంది. కానీ వైద్య పరీక్ష కోర్టు హాల్లో జరగదు. డాక్టరు అడిగే ప్రశ్న 'సాక్ష్యం' కాదు. అందువల్ల ఆ హామీ ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మరోవైపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 4వ సెక్షన్, చికిత్స గురించి నిర్ణయించుకునే శక్తి ఉందో లేదో చూసేముందు, ఆ మనిషికి అర్థమయ్యే తేలిక భాషలో సంగతి చెప్పాలంటుంది. మాత్ర మింగాలా వద్దా అన్నదానికి భాష చూడాలని ఒక చట్టం చెబుతుంటే, ఏళ్ల తరబడి జైలో ఆసుపత్రో తేల్చే పరీక్షకు సంహితలోని అధ్యాయం భాష ఊసే ఎత్తదు. చట్టం హిందీ పాఠంలో వాడిన మాట 'వికృత చిత్త్'. దాన్ని తెలుగువాడు ఎలా వింటాడో నేను చెప్పనక్కర్లేదు.

తప్పుగా తేలిస్తే ఎంత ఖరీదో చెప్పడానికి అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ పేరు చాలు. 1951లో అరెస్టయి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి చేరాడు. 1967లోనే డాక్టర్లు అతను బాగున్నాడని తేల్చారు. అయినా బయటకు వచ్చింది 2005లో, 54 ఏళ్ల తర్వాత. విచారణ జరగనేలేదు. అంతకు ముందే 1982లో వీణా సేఠీ కేసులో హజారీబాగ్ జైల్లో మతిస్థిమితం లేదని ఇరవై, ముప్ఫై ఏళ్లుగా ఉంచేసినవాళ్ల సంగతి సుప్రీంకోర్టు విని వదిలిపెట్టమంది. ఇప్పటి 369 సెక్షన్ కింద, బంధువో స్నేహితుడో పూచీపడి క్రమంగా వైద్యం చేయిస్తాననీ, నిందితుడు తనకూ ఇతరులకూ హాని చేయకుండా చూస్తాననీ చెబితే, ఆసుపత్రిలో ఉంచాల్సిన అవసరం లేనివాణ్ణి బెయిలు మీద పంపాలి. బెయిలు దొరకని నేరమైనా సరే. ఆ పూచీ ఇవ్వగలవాళ్లంతా శ్రీకాకుళం పల్లెలోనే ఉంటే, కూలీకి ఆ దారి కాగితం మీదే మిగులుతుంది.

భిలాయి నిందితుణ్ణి ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే, రాష్ట్ర ప్రభుత్వ మానసిక చికిత్సాలయం బిలాస్‌పూర్ దగ్గర సేందరీలో ఉంది. ఇక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. అమ్మ వారంవారం వెళ్లి చూసే దూరం కాదు. మాట్లాడించేవాళ్లే లేని చోట తెలుగు ఇంకా తగ్గిపోతుంది.

దీనికి ఎదురుగా 2021 జనవరి నాటి మదనపల్లె కేసును పెట్టి చూడాలి. ఇద్దరు కూతుళ్ల హత్య కేసులో బాగా చదువుకున్న తల్లిదండ్రులు అరెస్టయ్యారు. మదనపల్లె జైలు నుంచి వాళ్లను విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తరలించారు. కలియుగం ముగిసిందనీ, పిల్లలు తిరిగి లేస్తారనీ అన్నారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. భక్తి ఎక్కడ ఆగి భ్రమ ఎక్కడ మొదలైందన్నది చాలా సన్నని గీత. కలియుగం అన్న మాటను పురాణాల్లో, హరికథల్లో విని పెరిగిన డాక్టరు ఆ గీతను కనీసం వెతకగలడు. అక్కడ దొరికిన ఆ సౌకర్యం దుర్గ్‌లో ఠేకా కూలీకి దొరకదు.

అలాగని ప్రతి తెలుగు నిందితుడికీ విజయవాడ నుంచి ఒక తెలుగు దుబాసీని రప్పిస్తే సరిపోతుందా? సెక్టర్ 7లోనే పుట్టి పెరిగిన కుర్రవాడి సంగతి వేరు. 'అభియోగం' అంటే అతను తెల్లమొహం వేస్తాడు, 'ఆరోప్' అంటే ఠక్కున తెలుస్తుంది. కోర్టు, వకీలు, గవాహీ, అన్నీ అతనికి హిందీలోనే వచ్చాయి. కానీ రాత్రి భయం వేస్తే కేకపెట్టేది తెలుగులో. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటే ఆ మాటలు ఏ భాషలో వస్తున్నాయని అడిగి చూడండి, బహుశా అమ్మమ్మ ఊరి యాసలోనే అంటాడు. అతణ్ణి కోర్టు గురించి హిందీలో అడగాలి, భయం గురించి తెలుగులో అడగాలి. ఏది ఏ భాషలో అడగాలో పరీక్షకు పంపే ఉత్తరంలో రాయాలంటే మేజిస్ట్రేటు ముందుగా అడగవలసింది అతణ్ణే: ఇంట్లో ఏం మాట్లాడతావు, బయట ఏం మాట్లాడతావు, కల ఏ భాషలో వస్తుంది?