మోద్రుష్ మళ్ళీ ఎందుకు లేవలేదు?

క్రొయేషియాలో కార్లొవాట్స్ జిల్లా దక్షిణాన, కాపెలా కొండల పాదాన ఉంది మా యోసిప్‌డోల్. పేరుకు మునిసిపాలిటీయే గాని నిజానికి పల్లెల గుంపు. 2011 జనాభా లెక్కల్లో అన్నీ కలిపితే 3,700 పైచిలుకు మంది. ఆ పల్లెల్లో ఒకటైన మోద్రుష్ 15వ శతాబ్దంలో పేరున్న పట్టణం. ఇప్పుడు గుట్ట మీద తర్జాన్ కోట మొండిగోడలు, కింద కాసిని ఇళ్ళు. అంత పట్టణం ఏమైందంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: 1493లో టర్కులు తగలబెట్టారు. అది అబద్ధం కాదు గాని, చాలదు. కాలిన ఊళ్ళు మళ్ళీ కట్టుకోవడం లోకంలో కొత్త కాదు. ఈ ఊరు ఎందుకు కట్టుకోలేకపోయింది అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు మంటల్లో కాదు, దారిలో దొరుకుతుందని నా వాదన.

ముందు పేర్లే చూడండి. తర్జాన్ అనే మాట ‘తర్గ్’ నుంచి వచ్చింది, అంటే సంత. ఇంకో పల్లె ఓష్టారియె పేరు ‘ఒష్టారియా’ నుంచి వచ్చింది, అంటే పూటకూళ్ళ ఇల్లు. యోసిప్‌డోల్ అంటే యోసిప్ లోయ. ఆ యోసిప్ హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్. కోటకేమో అంగడి పేరు, పల్లెకేమో అన్నం పెట్టే ఇంటి పేరు, మునిసిపాలిటీ కేంద్రానికేమో రోడ్డు వేయించిన రాజు పేరు. పొలాన్నిబట్టో ఏటినిబట్టో కాక, వచ్చిపోయేవాళ్ళనుబట్టి పేర్లు పెట్టుకున్న నేల ఇది. ఆడ్రియాటిక్ తీరాన సెన్ రేవు నుంచి లోపలి మైదానాలకు పోవాలంటే కాపెలా దాటక తప్పదు. కొండ ఎక్కేముందు ఒకసారి ఆగాలి, దిగాక మరోసారి ఆగాలి. ఆ ఆగడమే ఇక్కడి జీవనాధారం.

క్ర్క్ ద్వీపపు ప్రభువులకు, అంటే తర్వాతి కాలపు ఫ్రాంకోపాన్లకు, హంగరీ రాజు మూడో బేలా 1193లో మోద్రుష్‌ను ఇచ్చాడు. సముద్రం మీది వాళ్ళకు కొండ పాదాన ఈ చోటు ఎందుకు కావలసి వచ్చిందో దారి చూస్తే తెలుస్తుంది. రేవూ కనుమా రెండూ ఒక్క చేతిలో ఉంటే సరుకు మీద సుంకం జారిపోదు. కనుమకు అవతల బ్రిన్యెలో సొకోలాట్స్ కోట కూడా వాళ్ళదే. కుటుంబ ఆస్తుల పెద్ద పంపకం 1449లో మోద్రుష్‌లోనే జరిగింది. 1460లో పోప్ రెండో పియుస్ క్ర్బావా బిషప్ పీఠాన్ని ఇక్కడికి మార్చాడు. ఎవరు ఎంత పన్ను, ఏ చాకిరీ బాకీయో లెక్కగట్టిన 1486 నాటి మోద్రుష్ ఉర్బార్ గ్లాగొలిత్సా లిపిలో ఇప్పటికీ ఉంది. అలాంటి పట్టీ రాయించుకునే ఊరు అడవి మధ్య కాపలా బురుజు కాదు, లెక్కాడొక్కా ఉన్న ఊరు.

ఇప్పుడు తేదీలు చూడాలి. 1469లో మాత్యాష్ కోర్వినుస్ రాజు సెన్ రేవును ఫ్రాంకోపాన్ల నుంచి లాగేసుకున్నాడు. మంటలకు 24 ఏళ్ళ ముందే దారి తెగిందన్నమాట: కనుమ ఒకరిది, రేవు మరొకరిది. 1493లో ఫ్రాంకోపాన్లు సెన్‌ను తిరిగి రాబట్టుకోబోతే రాజు తరఫున బాన్ (రాజప్రతినిధి) దెరెంచిన్ వచ్చి సొకోలాట్స్‌ను ముట్టడించాడు. టర్కుల సేనాని హదుమ్ యాకుబ్ పాషా దండు ఉత్తరాన దోచుకుని తిరిగి వస్తున్నది సరిగ్గా అప్పుడే. అది మోద్రుష్ కింది పట్టణాన్ని కాల్చింది. కొట్లాట మాని చేతులు కలిపిన ఇరుపక్షాలూ సెప్టెంబరు 9న క్ర్బావా మైదానంలో చిత్తుగా ఓడిపోయాయి. రేవు కోసం తగాదా పడుతున్నవాళ్ళ ఇంట్లోకి శత్రువు తలుపు తట్టకుండానే వచ్చాడు.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. బిషప్ సముద్రం ఒడ్డున నోవికి పారిపోయాడు, దాడులు తరతరాలు ఆగలేదు; భయమే పట్టణాన్ని చంపింది, దారి గొడవ ఎందుకు అంటారు. భయాన్ని నేను కాదనను. కానీ కోట ఆ రోజు పడలేదు; కాలింది కింది ఊరే. అయినా దాని ప్రభువు బెర్నార్దిన్ ఫ్రాంకోపాన్ పట్టణాన్ని మళ్ళీ నిలబెట్టే బదులు 1500 ప్రాంతంలో కొద్ది దూరాన దొబ్రా నది లోయ అంచున ఓగులిన్ కోట కట్టాడు. భయం ఓగులిన్‌కూ ఉంది. 1579లో అదే టర్కులను అడ్డుకోవడానికి కట్టిన కార్లొవాట్స్‌కు అంతకన్నా ఎక్కువే ఉంది. అయినా కుపా నది పడవలూ తీరానికి పోయే రోడ్లూ కలిసే చోటు గనక అది నగరమైంది. కాలడం ఈ నేలకు కొత్తా కాదు: క్రీ.పూ. 35లో రోమన్ నేత ఓక్టేవియన్ ముట్టడిలో బూడిదైన మేతులుమ్ పట్టణం యోసిప్‌డోల్ దగ్గరి వినిచిత్సా గుట్టేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ బూడిద తర్వాత కూడా రోమన్ దారి ఇటే పోయింది, మనుషులూ ఇక్కడే ఉన్నారు.

దారి మళ్ళీ తెరుచుకున్నాక ఏమైందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 1779 నాటికి కార్లొవాట్స్‌ను సెన్‌తో కలిపే యోజెఫీనా రోడ్డు పూర్తయింది. మోద్రుష్ గుండానే పోయింది. కానీ పాత సంత లేవలేదు. దిగువ లోయలో బండ్లు ఆగే చోట కొత్త ఊరు యోసిప్‌డోల్ ఎదిగింది. 19వ శతాబ్దంలో యోసిప్ కాయెతాన్ క్నెజిచ్ ఆ రోడ్డు ఎత్తుపల్లాలు సరిచేశాడు. అప్పటికే మరో రేవు రియెకాకు లూయిజియానా రోడ్డు పడింది, సరుకు అటు మళ్ళుతోంది. ఎంత మంచి రోడ్డైనా తప్పు రేవుకు పోతే ఏం లాభం?

రైలు వచ్చి ఈ వాదాన్ని తలకిందులు చేసిందనిపిస్తుంది. 1873లో కార్లొవాట్స్–రియెకా లైను ఓష్టారియె మీదుగా పోయింది. 1925కల్లా అక్కడినుంచే లికా మీదుగా క్నిన్ దాకా మరో లైను పూర్తయింది. రెండు లైన్లు కలిసే జంక్షన్ పట్టణం కావాలిగా? ఓష్టారియె పల్లెగానే మిగిలింది. నా వాదంలో సవరించుకోవలసింది ఇక్కడే: దారి పోతే చాలదు, ప్రయాణికుడికి దిగే పని ఉండాలి. గుర్రం అలసిపోతుంది, బొగ్గు ఇంజను ఓగులిన్ దాకా ఓపిక పడుతుంది. రైలును తెచ్చింది మా పల్లెల కోసం కాదు, బుడాపెస్ట్‌కు రియెకా రేవు కావాలి గనక. పూటకూళ్ళ ఇల్లు పేరులోనే మిగిలింది, పూటకు దిగేవాడు లేడు.

2005లో జాగ్రెబ్–స్ప్లిట్ మోటార్‌వేతో పాటే మాలా కాపెలా కిందుగా దాదాపు 5.8 కిలోమీటర్ల సొరంగం వచ్చింది, దేశంలో అన్నిటికన్నా పొడవైనది. మోద్రుష్‌లో సంత పుట్టించిన ఆ కొండను గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు మూడున్నర నిమిషాల్లో దాటేస్తుంది.