భూమానము, వర్షమానము: బత్తలపల్లె పొలమున నొక పరిశీలనము

భూగోళశాస్త్రము నభ్యసింప బూనువారికి మొదట నేర్పబడునవి దిక్కు, స్థానము, కొలత అను మూడు విషయములు. వీని సాధనములన్నియు పాశ్చాత్యుల వలననే మనకు సంక్రమించినవని తలచుట నేడు పరిపాటియైనది. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో గ్రంథములయందే కాక యొక పల్లె పొలమునందును పరీక్షింప దలచితిని. ధర్మవరమునకు ఈశాన్యమున నున్న బత్తలపల్లె యందులకు తగిన చోటుగా దోచినది. 2022 వఱకు అనంతపురము జిల్లాలోనిదై, ఇపుడు శ్రీ సత్యసాయి జిల్లాలో జేరియున్న యూరిది.

దిక్కును స్థానమును శీఘ్రముగా ముగింతును. చదునైన నేలపై 12 అంగుళముల శంకువును నిలిపి, దాని చుట్టును వృత్తమును గీయవలయును. నీడకొన ప్రొద్దున వృత్తములోనికి వచ్చు చోటును, సాయంకాలము వెలికి పోవు చోటును కలిపిన రేఖయే తూర్పుపడమరల రేఖ. విషువద్దినమున మిట్టమధ్యాహ్నపు నీడకు పలభయని పేరు. బత్తలపల్లెయందది 3 అంగుళములకు కొంచెము మించినది. దానినుండి గణింపగా అక్షాంశము సుమారు 14½ భాగలు వచ్చినది. నేటి పటములు చెప్పునదియు నదియే. ఒక కఱ్ఱయు నొక త్రాడును ఇంతపని చేసినవి!

రేఖాంశము సంగతి వేఱు. నీడ యొక్కటియే దానిని చెప్పజాలదు. మన సిద్ధాంతులు లంకనుండి ఉజ్జయిని మీదుగా మధ్యరేఖను కల్పించి, గ్రహణకాలభేదముచే తూర్పుపడమరల దూరమును గణించిరి. ఇది స్థూలమార్గము. లాంబ్టన్ దొర 1802లో మద్రాసు చెంత ఆధారరేఖను కొలిచి యారంభించిన త్రికోణపు సర్వే బెంగుళూరు మీదుగా వచ్చి, 1811లో గుత్తి చెంత మఱియొక ఆధారరేఖను చేరినది. ఆ కొలత యీ పీఠభూమి మీదుగానే సాగినది. దాని సూక్ష్మతముందు మన శంకువు నిలువదని యొప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

ఇక కొలత. వాదమంతయు నిక్కడనే యున్నది.

1800లో నిజాము ఈ సీమను తూర్పిండియా కుంపిణీకి దత్తము చేసెను. ఆ యేటినుండి 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో 33 అడుగుల గొలుసుతో చేలను కొలిపించెను. గొలుసు పొడవును వెడల్పును గల నేల గుంట. 40 గుంటలు ఎకరము. అంతకు పూర్వమిచట భూమానమే లేదని కొందఱందురు. అది పొరపాటు. తూమెడు విత్తు చేను, పుట్టెడు విత్తు మడి యని మనవారు నేలను విత్తనముచే కొలుచుచుండిరి. ఈ పద్ధతి యెంత ప్రాచీనమనగా, పాణిని దీనికై తద్ధితాధికారమున నొక సూత్రమునే రచించెను. ప్రస్థము విత్తనము పట్టు చేను ప్రాస్థికము, ద్రోణము పట్టునది ద్రౌణికము. పొడవును కొలుచు ప్రమాణమునకును, పాత్రతో కొలుచు పరిమాణమునకును వైయాకరణులు భేదము చెప్పిరి. మన్రో గొలుసు ప్రమాణము. మన తూము పరిమాణము.

తూముకొలతలో దోషము లేకపోలేదు. నల్లరేగడిలోను, రాతి గరుసునేలలోను ఒకే తూము ఒకే విస్తీర్ణమున పడదు. దూరముననుండి పన్ను విధించు ప్రభుత్వమునకిది పనికిరాదు. గ్రామాధికారుల మోసమునకు చోటిచ్చును. మన్రో గొలుసుతోనే తృప్తిపడక నేలల తరములను గూడ నిర్ణయింపజేసెనని మఱువరాదు. అయినను 1807 నాటి నివేదికలో శిస్తును నాల్గవవంతు తగ్గింపవలయునని తానే కోరెను. అది యప్పుడు సాగలేదు. 1820లో నాతడు గవర్నరుగా మరలివచ్చిన పిదపనే తగ్గింపు చేకూరినది. గొలుసు కొలిచినది తప్పు కాదు. అది కొలువలేనిది వాన.

వానకును పాణినికడ సూత్రము గలదు. వర్షప్రమాణమును తెలుపునప్పుడు పూరిధాతువునకు ణముల్ ప్రత్యయమును విధించెను. గోష్పదపూరమనగా ఆవుగిట్ట గుంట నిండునంత వాన. సీతాపూరమనగా నాగటిచాలు నిండునంత వాన. బాలురకు దీనిని బోధించునపుడు వట్టి రూపసిద్ధిగానే చెప్పితిని. ఒకనాటి వానమఱునాడు బత్తలపల్లె చేలగట్టున నొక వృద్ధకర్షకుని, "ఎంత వాన కురిసినదయ్యా?" యని యడుగగా, "సాలు తడిసింది సామీ, పదును కాలేదు" అనెను. సీతయన్నను సాలన్నను ఒక్కటే గదా! ఉదాహరణము నా యెదుట నిలిచినట్లయ్యెను.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు కోష్ఠాగారమునందు మూరెడు మూతిగల కుండమును వర్షమానముగా నుంచుమనెను. నేటి వర్షమాపకము దాని జాతిదే. ఆ సాధనముచే అనంతపురపు సీమకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన లెక్కింపబడుచున్నది. పడమటి కనుమలు నైరృతిమేఘములను మునుముందే వట్టిపోజేయును. ఈశాన్యపు వానలకు సముద్రము దూరము. ఈ 550లో నెంత నేలలో దిగెనో, ఎంత వాగుపాలాయెనో కుండము చెప్పదు. పదునన్న మాట చెప్పును. మట్టిని పిడికిట బట్టి, గొఱ్ఱు దిగునో దిగదో చూచి చెప్పు మాటయది. వేరుసెనగ విత్తుటకు మిల్లీమీటర్లు ప్రమాణము గాదు, పదునే ప్రమాణము.

ఆ వృద్ధుని, "మీ చేను ఎన్ని తూముల విత్తు?" అని కూడ నడిగితిని. అతడు నవ్వి ఎకరాలు, సెంట్లు చెప్పెను. విత్తనమును కిలోలలో చెప్పెను. తూమన్న మాట తన తాతనోట విన్నట్లు జ్ఞాపకమనెను.