సైనికుడి నవల – రెండు కూర్పులు: ఫ్రెడరిక్ మానింగ్ రచన తొలి ప్రతుల సేకరణ, పాఠచరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో పాఠపరిష్కరణ అనగానే తాళపత్ర ప్రతులు గుర్తుకు వస్తాయి. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి పండితులచేత పాఠభేదాలు పరిశీలింపజేసిన నాటినుంచి ఈ కృషి ప్రధానంగా ప్రాచీన కావ్యాల చుట్టూనే సాగింది. అచ్చయిన ఆధునిక గ్రంథానికి పాఠం స్థిరపడే ఉంటుందనీ, తొలి ముద్రణను వెతకడం పుస్తకప్రియుల వేడుక అనీ ఒక భావన ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొన్న ఒక సైనికుడు రాసిన నవల ముద్రణచరిత్ర ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తుంది. ఆ నవల తొలి, మలి కూర్పుల భేదాన్ని పరిశీలించి, తొలి ప్రతుల సేకరణకు సాహిత్యచరిత్రలో గల స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

రచయిత – రచన

ఫ్రెడరిక్ మానింగ్ 1882లో సిడ్నీలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన కవి, విమర్శకుడు. 1909లో వెలువడిన ‘సీన్స్ అండ్ పోర్ట్రెయిట్స్’ ఆయనకు విద్వద్వర్గంలో పేరు తెచ్చింది. 1915లో కింగ్స్ ష్రాప్‌షైర్ లైట్ ఇన్‌ఫెంట్రీలో సాధారణ సిపాయిగా చేరి, 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో పనిచేశారు. ఆ అనుభవం అచ్చులోకి రావడానికి పుష్కరకాలానికి పైగా పట్టింది. ప్రచురణకర్త పీటర్ డేవిస్ ప్రోద్బలంతో రాసిన ఆ నవల ‘ది మిడిల్ పార్ట్స్ ఆఫ్ ఫార్చూన్’.

కథానాయకుడు బోర్న్ చదువుకున్నవాడు. అయినా మామూలు సిపాయిల మధ్యనే మసలుతాడు. నవలకు ప్రాణం ఆ సిపాయిల సంభాషణలే: తిండి, మద్యం, ఇంటి ఉత్తరాలు, అధికారులపై విసుగు, రాబోయే దాడిని గురించిన బెదురు. ఆ మాటలను రాస్తున్నప్పుడు ఒక్కొక్కసారి ప్రేతాల గొంతులు వింటున్నట్లు తోచిందని మానింగ్ ముందుమాటలో చెప్పుకున్నారు. మరణించిన సహచరులను వారి నుడికారంతోనే స్మరించిన రచన ఇది.

రెండు కూర్పులు

1929లో ఈ నవల రెండు సంపుటాలుగా, పియాజా ప్రెస్ పేరిట, చందాదారుల కోసం 520 ప్రతులతో పరిమిత కూర్పుగా వెలువడింది. 1930లో అదే నవల ‘హర్ ప్రైవేట్స్ వుయ్’ అనే పేరుతో ఒకే సంపుటంగా బజారులోకి వచ్చింది. ఈ కూర్పులో సిపాయిల బూతుమాటలను తొలగించారు, లేదా మెత్తబరిచారు. రెండు కూర్పులలోనూ రచయిత పేరు లేదు. మలి కూర్పును ‘ప్రైవేట్ 19022’ రచనగా, అంటే సైనిక సంఖ్యతో ప్రకటించారు. 1935లో మానింగ్ మరణించారు. 1943లో గాని పుస్తకంపై ఆయన పేరు కనిపించలేదు. సంపూర్ణ పాఠం సామాన్య పాఠకులకు అందింది 1977లో.

రెండు శీర్షికలకూ ఆధారం ‘హామ్లెట్’ నాటకంలోని ఒకే సంభాషణ. ‘ప్రైవేట్స్’ అనే మాటకు అట్టడుగు హోదా సిపాయిలనీ, మర్మాంగాలనీ రెండర్థాలు. లోపలి బూతులు తీసివేసిన కూర్పుకే శ్లేషతో కూడిన మోటు శీర్షిక దక్కింది. షేక్స్పియర్ మాటున వచ్చిన మోటుదనం సమ్మతమైంది. సిపాయి నోట వచ్చినది కాలేదు.

ఈ భేదం కొన్ని మాటలకే పరిమితం కాదు. యుద్ధరంగంలో బూతు ఎప్పుడూ తిట్టు కాదు. అది చనువుకు గుర్తు, భయాన్ని కప్పిపుచ్చే సాధనం, ఒక్కొక్కచోట కేవలం ఊతపదం. కథకుడి శిష్టభాష యథాతథంగా ఉండి, పాత్రల భాష మాత్రమే సవరింపునకు గురైతే ఆ రెంటి మధ్య ఉన్న వర్గవైరుధ్యం పలచబడుతుంది. అసలు మాట చందా కట్టగలిగిన కొద్దిమందికి అందింది. నవలలోని సిపాయివంటివాడు కొనుక్కోగల ప్రతిలో అతడి మాటే లేదు.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. జర్మన్ సైనికుడు ఎరిక్ మరియా రెమార్క్ నవల 1928లో బెర్లిన్ పత్రిక ‘ఫోసిషె త్సైటుంగ్’లో ధారావాహికగా వచ్చి, 1929 జనవరిలో పుస్తకమైంది. ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ పేరుతో అదే ఏడు వచ్చిన అమెరికన్ కూర్పులో కొన్ని ఘట్టాలను తొలగించారు.

సేకరణ – తెలుగు సందర్భం

కాబట్టి సేకర్త ప్రతి వయస్సుతో తృప్తిపడరాదు. ముఖపత్రం, ప్రచురణ సంస్థ, సంపుటాల సంఖ్య, ముద్రణ వివరాలు నమోదు చేయాలి. గ్రంథాలయాలు పునర్బంధనం చేసేటప్పుడు తీసివేసే అట్ట కూడా ఆధారమే. రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే సేకరణ పరిశోధనగా మారుతుంది.

మనకు ‘కన్యాశుల్కం’ సుపరిచితమైన ఉదాహరణ. 1897 నాటి కూర్పును గురజాడ విస్తృతంగా మార్చి 1909లో ప్రకటించారు. మనం ఎక్కువగా చదివేది, పాఠం చెప్పేది రెండవదానినే. అక్కడి మార్పు రచయిత కళాదృష్టినుంచి వచ్చింది; మానింగ్ విషయంలో బహిరంగ విపణి మర్యాదకు తలవంచడంవల్ల వచ్చింది. ఈ రెండు రకాల మార్పులనూ ‘పాఠభేదం’ అనే ఒక్క పేరుతో సరిపెట్టలేము.

ముగింపు

సుమారు అర్ధశతాబ్దం పాటు సామాన్య పాఠకులు మానింగ్ నవలను సవరించిన పాఠంలోనే చదివారు. ఆ 520 ప్రతులు భద్రపడి ఉండకపోతే సిపాయి మాట ఎంత మారిందో పోల్చి చూపే ముద్రిత సాక్ష్యం మిగిలేది కాదు. పరిశోధకుడు ఒక ఆధునిక గ్రంథాన్ని ఉటంకించేముందు అది ఏ కూర్పు, మార్పు చేసినవారెవరు, ఎవరి కోసం చేశారు అనే ప్రశ్నలు వేసుకోవాలి. వాడుకభాషలో వెలువడిన తెలుగు కథలు, నవలల తొలి ప్రతులు శిథిలమవుతున్న దశలో ఈ ప్రశ్నలు మరింత తక్షణమైనవి.